పదిహేడో నంబరు లింకు

మా తమ్ముడి కూతురు ఈ ఏడు టీచరుగా చేరింది. చేరిన వారానికే సింగపూర్ బిషాన్‌లోని మా ఫ్లాటుకు వచ్చి, సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, "అత్తా, నువ్వు ఇన్నేళ్ళు చేశావు కదా, క్లాసులో పిల్లలకు లింకులవీ ఈజీగా ఇవ్వడానికి ఒక మంచి టిప్ చెప్పు లా," అంది, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలించి. నాకు నవ్వొచ్చింది, అంతలోనే ఆగిపోయింది. ఆ విషయంలో నా దగ్గర టిప్ లేదు, ఒక తప్పు ఉంది. టీ తాగుతూ చెప్పేసే సంగతి కాదు కనుక రాస్తున్నాను. తను చదివాక, ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఇంకెవరైనా చదివినా మంచిదే.

నేను కెమిస్ట్రీ టీచర్ని. బూన్ లే అనే పేటకు దగ్గర్లో ఒక సెకండరీ స్కూల్లో ఎక్కువ కాలం పనిచేశాను. మా తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి మలయా రబ్బరు తోటలకు వచ్చి, అక్కణ్ణించి సింగపూర్ చేరాడు. మా ఇంటి తెలుగులో తమిళం, మలయ్ కలిసిపోయి ఉంటాయి. బజారును మేం ఇప్పటికీ పసార్ అంటాం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ముందు ముందు ఒక చోట ఈ తెలుగు నాకు చాలలేదు.

ముప్పై అయిదు నిమిషాలు

అవి ఐటీ మోజు బాగా ముదిరిన రోజులు. పొద్దున్నే రైల్లో హైదరాబాదు తెలుగు, గుంటూరు తెలుగు వినిపించేవి. మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకున్న కుర్రాళ్ళు సీటు దొరక్క నిలబడే కునికేవాళ్ళు. స్కూళ్ళలోనూ అదే ఊపు. ప్రతి సబ్జెక్టులో కంప్యూటర్ వాడాలి, వాడినట్టు చూపించాలి. మా డిపార్ట్‌మెంట్ హెడ్ మిస్టర్ టాన్ వారం వారం అడిగేవాడు, "ఈ వారం ల్యాబులో ఎన్ని పీరియడ్లు?" అని. ఆ పీరియడ్లలో పిల్లలకు ఏం వచ్చిందని అడిగిన గుర్తు నాకు లేదు.

ల్యాబు పీరియడు ముప్పై అయిదు నిమిషాలు. పిల్లలు మెట్లెక్కి రావడానికి అయిదు నిమిషాలు, యంత్రాలు లేవడానికి ఇంకో అయిదు. ఆ తర్వాత నేను బోర్డు మీద వెబ్ చిరునామా రాసేదాన్ని. రెండు వరుసల పొడుగుండేది, అన్నీ అక్షరాలు, అంకెలు, గీతలే. "చేర్, అది అంకె వన్నా, అక్షరం ఎల్లా?" "చేర్, నాది ఓపెన్ అవట్లేదు లా!" చేర్ అంటే టీచరే. ఇక్కడి పిల్లలకు మాట పూర్తిగా పలికే ఓపిక ఉండదు. ముప్పై ఎనిమిది మందికీ పేజీ తెరుచుకునేసరికి సగం పీరియడు గడిచిపోయేది.

అలాంటప్పుడు లింకుల్ని పొట్టి చేసే సైటు ఒకటి నా కంటబడింది. పొడుగు చిరునామా ఇస్తే అది బుల్లి చిరునామా ఇస్తుంది. దాని తోక, అంటే చివరి ముక్క, మనకు నచ్చినట్టు పెట్టుకోవచ్చు కూడా. బోర్డు మీద ఒకే ఒక్క చిన్న ముక్క రాస్తే చాలు, అందరి పేజీలూ తెరుచుకునేవి. నాకు రోజుకు పావుగంట మిగిలింది. టీచరు ఉద్యోగంలో పావుగంట మిగలడమంటే ఏమిటో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ సైటు ఇంకో పని కూడా చేసేది. ఒక్కో లింకును ఎన్నిసార్లు తెరిచారో లెక్క చూపించేది. ఒకసారి సెలవుల్లో చదవమని ఒక వ్యాసం ఇచ్చాను. వచ్చాక అడిగితే అందరూ చదివామన్నారు. నేను నవ్వి, తెర మీద ఆ లెక్క చూపించాను. తొమ్మిది. ముప్పై ఎనిమిది మంది తలలు ఒక్కసారే డెస్కుల మీదికి వంగాయి. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆ లెక్కలు చూడటం నాకు అలవాటైంది.

ఊరికే వచ్చిన వస్తువు మనది కాదని అప్పుడే నేర్చుకోవాల్సింది. మా పక్క స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన అలాంటిదే ఇంకో సైటులో ఏడాది పాఠాలన్నిటికీ పొట్టి లింకులు పెట్టి పుస్తకం అచ్చు వేయించాడు. సెలవులయ్యేసరికి ఆ సైటువాళ్ళు దుకాణం మూసేశారు. పుస్తకంలో ఒక్క లింకూ పనిచేయలేదు. పాపం, అతను ఒక్కో పేజీకి సరైన చిరునామా రాసిన కాగితాలు అంటించుకుంటూ కూర్చున్నాడు. నేను ఆటపట్టించాను. నా వంతు వస్తుందని అనుకోలేదు.

నా పద్ధతి

ఆ ఏడాది నేను నాలుగో సంవత్సరం క్లాసుకు క్లాస్ టీచర్ని. ఆఖర్న ‘ఓ లెవెల్’ అనే బోర్డు పరీక్షలు రాసే పిల్లలు. ఒక్కొక్కరికీ ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచాను. వాళ్ళు రాయొచ్చు, నేను జవాబు రాయొచ్చు. ఎక్కడ వెనకబడ్డారో, ఏం చదవాలో అందులో రాసేదాన్ని. ఆ పేజీ చిరునామా ఎవరి దగ్గర ఉంటే వాళ్ళకు తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్ అక్కర్లేదు. అప్పట్లో అందరం అలాగే చేసేవాళ్ళం.

ఆ ముప్పై ఎనిమిది పొడుగు చిరునామాల్నీ పొట్టి చేశాను. పిల్లలు మరిచిపోకూడదని ఒక పద్ధతి పెట్టాను. తోకలో ముందు క్లాసు పేరు, పక్కన ఆ విద్యార్థి రిజిస్టర్ నంబరు. సింగపూర్ పిల్లలకు రిజిస్టర్ నంబరు తమ పేరంత బాగా గుర్తుంటుంది. పరీక్ష కాగితం మీద రాసేది అదే, వరుసలో నిలబడేది దాని ప్రకారమే. ఒకటో నంబరుకు ఒకటో లింకు, ముప్పై ఎనిమిదో నంబరుకు ముప్పై ఎనిమిదో లింకు. ఎవరికీ విడిగా చెప్పే పని లేదు.

మొదటి రోజు క్లాసులో అన్నాను: "ఇది మీకూ నాకూ మధ్య ఉండే పేజీ. క్లాసులో అడగలేనివి ఇందులో రాయండి. ఇంకెవరూ చూడరు." ఆ చివరి మాట ఈ రోజుకీ నా గొంతులోనే వినిపిస్తుంది.

మిస్టర్ టాన్ ముచ్చటపడ్డాడు. వేరే స్కూళ్ళ టీచర్లను పిలిపించి నా చేత ఉపన్యాసం ఇప్పించాడు. హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. నంబరు పద్ధతి చెప్పినప్పుడు చాలామంది రాసుకున్నారు. అబద్ధమెందుకు, ఆ సాయంత్రం రైల్లో నాలో నేనే నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

పదిహేడో నంబరు పిల్ల పేరు లహరి. వాళ్ళది కాకినాడ. తండ్రి జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో ఇంజనీరు, షిఫ్టుల ఉద్యోగం. ఇద్దరం తెలుగువాళ్ళమని తెలిసినా స్కూల్లో మేం తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆ పిల్ల వారానికి రెండు మూడుసార్లు ఆలస్యంగా వచ్చేది. అడిగితే బస్సు అనేది. నేను శిక్షగా స్కూలయ్యాక కూర్చోబెట్టేదాన్ని. ఒక్క మాట అనకుండా కూర్చునేది. అదే నాకు అనుమానం కలిగించింది. తన పేజీలో రాశాను: "తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి అడుగుతున్నాను. ఎందుకు ఆలస్యమవుతోంది?"

రెండు వారాలు జవాబు లేదు. తర్వాత ఒక రోజు ఇంగ్లీషులో రాసింది. వాళ్ళమ్మకు ఫిట్స్ వస్తాయట. తండ్రి పెందలాడే షిఫ్టుకు వెళ్ళిపోతాడు. అమ్మ మాత్ర వేసుకుని, కాసేపు బాగానే ఉందని చూశాకే లహరి ఇంట్లోంచి కదులుతుంది. ఒకసారి అమ్మ వంటింట్లో పడిపోతే ఏం జరిగిందో కూడా రాసింది. అది ఇక్కడ రాయను. చివర్న, "మా చుట్టాలకు కూడా తెలియదు. అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. మీరూ చెప్పకండి చేర్," అని ఉంది.

నేను కింద రాశాను: "ఎవరికీ చెప్పను. ఇకనుంచి ఆలస్యమైతే నేరుగా వచ్చి కూర్చో." ఆ రోజు నా ఉద్యోగం మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

అరవై ఒకటి

ఒక శుక్రవారం అలవాటుగా లెక్కలు తెరిచాను. మామూలుగా ఒక్కో పేజీకి పది, పన్నెండు ఉండేవి. ఆ రోజు కొన్నిటికి ఇరవై దాటాయి. పదిహేడో నంబరు ఎదురుగా అరవై ఒకటి ఉంది.

ఆ లింకు తెలిసింది ఇద్దరికి, లహరికీ నాకూ. నేను తెరిచింది ఆరేడుసార్లు. తను ఇంకో ఆరేడుసార్లు తెరిచి ఉంటుంది. మిగతావి ఎవరివో అర్థం కావడానికి నిమిషం కూడా పట్టలేదు. తన లింకు తెలిసిన ఎవరికైనా క్లాసులో అందరి లింకులూ తెలిసినట్టే. తోకలో అంకె మార్చితే చాలు.

ఆ పొడుగు చిరునామాను చూసి నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఆ అర్థంపర్థంలేని అక్షరాలే ఆ పేజీకి తాళం. వాటిని ఊహించి ఎవరూ కొట్టలేరు. టైపు చేయడానికి కష్టంగా ఉందని ఆ తాళాన్ని నేనే ఊడదీశాను, తీసి అందరికీ తెలిసిన నంబరు పెట్టాను. పైగా నలభై మంది టీచర్లకు ఎలా తీయాలో నేర్పాను.

వెంటనే మిస్టర్ టాన్ దగ్గరికి వెళ్ళాను. అతను చెడ్డవాడు కాదు. పిల్లలకు జ్వరమొస్తే తన కారులో ఇంటి దగ్గర దింపివచ్చే మనిషి. కానీ పైనుంచి వచ్చే కాగితానికి భయపడేవాడు. తెర వైపు ఒకసారి చూసి, తలుపు మూసి, "లింకులన్నీ ఇప్పుడే తీసెయ్. పేజీలు కూడా. ఎవరికీ ఏమీ చెప్పకు. ఎవరైనా అడిగారా? లేదు కదా. సోమవారానికి పిల్లలు మరిచిపోతారు లా," అన్నాడు.

తీసేశాను. ముప్పై ఎనిమిదీ తీసేశాను. అతను చెప్పాడని చేశానని ఇప్పుడు అనడం తేలిక. నిజమేమిటంటే, నేను వినాలనుకున్నది కూడా అదే. శని, ఆదివారాలు లహరి వాళ్ళింటికి ఫోన్ చేయాలని పదిసార్లు అనుకుని, పదిసార్లూ ఏదో ఒక పని పెట్టుకున్నాను. లింకు పోయింది కనుక ప్రమాదం పోయిందని నాకు నేనే చెప్పుకున్నాను. పిల్లలు చదివేసింది వాళ్ళ బుర్రల్లోంచి ఎలా పోతుందని ఆలోచించలేదు. ఆలోచించడం ఇష్టం లేకపోయింది.

సోమవారం లహరి వచ్చింది. మంగళవారం రాలేదు. బుధవారమూ రాలేదు. ఆఫీసువాళ్ళు ఫోన్ చేస్తే జ్వరమని చెప్పారట. ఓ లెవెల్‌కు ముందు స్కూలు పెట్టే ప్రిలిమ్స్ మూడు వారాల్లో ఉన్నాయి.

బుధవారం మధ్యాహ్నం మా క్లాసులో ఎప్పుడూ మొదటి మార్కు తెచ్చుకునే మే షిన్ స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి ఏడుస్తోంది. పక్కకు తీసుకెళ్ళి కూర్చోబెట్టాను.

"చేర్, ఫస్ట్ చూసింది నేనే," అంది. "మీరు మిగతావాళ్ళకు ఏం కామెంట్స్ రాశారో, నాకంటే బాగా రాశారేమో చూద్దామని నంబర్ మార్చాను. ఒట్టి కియాసు, చేర్. ఇంకేం లేదు."

కియాసు అంటే ఇతరులకంటే ఎక్కడ వెనకబడిపోతామో అన్న భయం. ఈ ఊళ్ళో పిల్లలకూ పెద్దలకూ అందరికీ ఉన్న జబ్బే. నంబర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే పదిహేడులో ఆ పిల్లకు అది కనిపించింది. ఒక స్నేహితురాలికి చెప్పింది. ఆ స్నేహితురాలు ఇంకెవరికో చెప్పింది.

"సోమవారం ఏం జరిగింది?" అని అడిగాను.

మే షిన్ చెప్పింది. విరామంలో క్యాంటీన్‌లో మా క్లాసువాళ్ళు కొందరు కూర్చున్నారు. ఒకడు బెంచీ మీద నుంచి కింద పడి, చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాడు. చుట్టూ నవ్వారు. లహరి పళ్ళెం పట్టుకుని వాళ్ళ వెనకే నిలబడి ఉంది.

నేను శుక్రవారమే చెప్పి ఉంటే ఆ పిల్ల సోమవారం ఏం ఎదురవుతుందో తెలిసి వచ్చేది, లేదా రాకుండా ఉండేది. ఏమీ తెలియకుండా అన్నం పళ్ళెంతో అక్కడికి నడిచి వెళ్ళేది మాత్రం కాదు. లింకు పెట్టడం నా తెలివితక్కువ. శుక్రవారం నుంచి నోరు మూసుకోవడం మాత్రం పిరికితనం. ఈ రెండిటిలో ఏది ఎక్కువ చెడ్డదని మా మేనకోడలు అడిగితే, నేను తడుముకోకుండా రెండోదంటాను.

బూన్ లేలో

అదే సాయంత్రం వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళాను. మిస్టర్ టాన్‌కు చెప్పలేదు. వాళ్ళమ్మ తలుపు తీసింది. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా, శుభ్రంగా ఉన్న మనిషి. నేనెవరో చెప్పగానే కంగారుపడింది.

"అయ్యో, టీచర్ గారా! లోపలికి రండి. జ్వరమని చెప్పమందండి. జ్వరమేం లేదు. అన్నం తినట్లేదు, గదిలోంచి రావట్లేదు. ఏమైందో చెప్పట్లేదండి."

అప్పుడు తెలిసింది నాకు, ఆవిడకు ఏమీ తెలియదని. కూతురు ఆ సంగతి నాకు రాసిందని కూడా తెలియదు. ఎవరి రహస్యం బయటపడిందో ఆ మనిషికే నేను మొదటిసారి చెప్పాలి. కాఫీ తెచ్చి ఇచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకునే చెప్పాను. లింకు అంటే ఏమిటి, నంబరు పద్ధతి ఏమిటి, అరవై ఒకటి ఏమిటి, అన్నీ చెప్పాను. క్యాంటీన్ సంగతి దగ్గర ఆగాను. తర్వాత అదీ చెప్పాను.

ఆవిడ లేచి కూతురి గది తలుపు వైపు చూసి, మళ్ళీ కూర్చుంది.

"మా అత్తగారికి కూడా తెలీదండి," అంది. "పెళ్ళయి ఇన్నేళ్ళయింది. ఇక్కడ మన తెలుగువాళ్ళింట్లో ఫంక్షన్‌కి పిలిస్తే ఏదో ఒక వంక చెప్పి మానేస్తాను, అందరిలో పడిపోతే ఏమనుకుంటారోనని. ఇప్పుడు చిన్నపిల్లలందరికీ తెలిసిపోయిందా?"

"తెలిసిపోయిందండి. నా వల్లే."

క్షమించమని అడగాలి. మా ఇంట్లో తెలుగులో ఎవరూ ఎవరినీ క్షమించమని అడగగా నేను వినలేదు. తప్పు చేస్తే తల దించుకునేవాళ్ళం, లేకపోతే ఇంగ్లీషులో సారీ అనేవాళ్ళం. ఆ సారీ ఈ గదికి సరిపోదని తెలుసు. వేరే మాట నోటికి రాలేదు. సారీ అనే అన్నాను. ఆవిడ తల ఊపింది, అది సరేనని కాదు, విన్నానని.

"మా పిల్ల మీద ఇంత బరువుందని నాకు తెలీదు టీచర్ గారూ," అంది కళ్ళు తుడుచుకుంటూ. "రోజూ నేను మాత్ర వేసుకునేదాకా షూస్ వేసుకుని ఇక్కడే నిలబడేది. వెళ్ళవే, వెళ్ళవే అని నేనే కసిరేదాన్ని. ఎవరో ఒకరికి చెప్పుకోవాలనిపించిందంటే, పాపం, ఎంత మోసిందో."

గది తలుపు తెరుచుకుంది. లహరి అంతా విన్నట్టుంది. ఇంట్లో వేసుకునే టీషర్టు, చెదిరిన జుట్టు, ఎర్రబడ్డ కళ్ళు. స్కూల్లో ఎప్పుడూ మాట్లాడని తెలుగులో అంది.

"మీరే ఎవరికో చెప్పారనుకున్నాను."

"చెప్పలేదు. కానీ నా వల్లే తెలిసింది."

"ఫ్రైడేనే తెలుసా మీకు?"

"తెలుసు."

"ఫ్రైడే, సాటర్‌డే, సండే... చేర్, మండే మార్నింగ్ మీరు అటెండెన్స్ తీసుకున్నారు. నా పేరు పిలిచారు. నేను యెస్ అన్నాను. నా ఫేస్ చూశారు కూడా."

"చూశాను."

"అప్పుడైనా చెప్పొచ్చు కదా!"

వాళ్ళమ్మ "లహరీ, పెద్దవాళ్ళతో అలాగేనా" అంటూ లేవబోయింది. నేను వద్దన్నాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను చాలామంది తనిఖీ చేశారు, మార్కులు వేశారు. ఆ పిల్ల అడిగినంత సరైన ప్రశ్న ఎవరూ అడగలేదు. భయపడ్డానని చెప్పాను.

"దేనికి?"

"పరువు పోతుందని."

లహరి వాళ్ళమ్మ వైపు చూసింది. ఆవిడ కూడా ఇన్నేళ్ళూ దాచింది అందుకే మరి. తర్వాత నాతో అంది: "క్లాసులో చెప్పండి. ఎవరో హ్యాక్ చేశారని కాదు, మీ మిస్టేక్ అని చెప్పండి. మా అమ్మ గురించి వన్ వర్డ్ కూడా వద్దు. అలా అయితేనే వస్తాను."

వాళ్ళమ్మ నన్ను లిఫ్టు దాకా సాగనంపింది. "రేపు నేనే తీసుకొస్తానండి," అంది. నేను గ్లాసులో కాఫీ అలాగే వదిలేసి వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది.

తలుపు బయట

మర్నాడు లహరి క్లాసు బయట వరండాలో నిలబడింది. బ్యాగు దించలేదు. నేను చెప్పింది నచ్చకపోతే వెనక్కి తిరిగి వెళ్ళిపోవడానికి అలా నిలబడిందని నాకు అర్థమైంది. వాళ్ళమ్మ కింద గేటు దగ్గర ఉంది.

లోపలికి వెళ్ళి తలుపు తెరిచే ఉంచాను. ఎక్కువ మాట్లాడలేదు. "మీ పేజీలు ఎవరూ చూడరని మీకు మాట ఇచ్చాను. ఎవరైనా చూడగలిగేలా పెట్టింది నేనే. తెలిశాక మీకు చెప్పకుండా దాచిందీ నేనే. మీలో ఎవరూ ఏ తాళమూ పగలగొట్టలేదు. కానీ తలుపు తెరిచి ఉందని లోపలికి వెళ్ళినవాళ్ళు, చూసినదాన్ని నవ్వులాట చేసినవాళ్ళు, అది మీ తప్పేనని తెలుసుకోండి. నా తప్పుకు నేను క్షమాపణ అడుగుతున్నాను."

క్యాంటీన్‌లో కింద పడి నటించిన కుర్రాడు ఎవరో నాకు తెలుసు. అతని వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. మే షిన్ లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. లహరి లోపలికి వచ్చి తన చోట కూర్చుంది. నేను పాఠం మొదలుపెట్టాను.

ఆ మధ్యాహ్నం మిస్టర్ టాన్ పిలిచాడు. పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే రేపు తల్లిదండ్రులు లాయర్లతో వస్తారన్నాడు. అప్పటికే నేను ఆ నలభై మంది టీచర్లకూ మెయిల్ పంపేశాను, నా పద్ధతి వాడొద్దని, ఎందుకు వద్దో చెప్పి. అది విని తల పట్టుకున్నాడు. "నేనైతే చెప్పేవాణ్ణి కాదు," అన్నాడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, "చెప్పకూడదని మాత్రం అనను," అన్నాడు. ఆ మెయిల్‌కు ముగ్గురు జవాబిచ్చారు. ఒకావిడ తన లెక్కలు చూసుకుని ఏడ్చానని రాసింది.

చీటీ

కొత్త పేజీలు తెరవడం మానేద్దామనుకున్నాను. ఒకరిద్దరు పిల్లలు వచ్చి, "చేర్, అది ఉంటేనే బాగుండేది," అన్నారు. ఈసారి తోక నేను పెట్టలేదు. సైటు ఇచ్చిన తలాతోకా లేని అక్షరాలనే ఉంచాను. ఒక్కొక్కరి లింకునూ చేత్తో చీటీ మీద రాసి, మడిచి, స్టేపుల్ కొట్టి, ఎవరిది వాళ్ళ చేతికిచ్చాను. పేజీ తెరవడానికి పాస్‌వర్డ్ కూడా పెట్టాను. పావుగంట మిగిలే రోజులు పోయాయి. పోనీ.

లహరి తన చీటీని పెన్సిల్ డబ్బాలో పెట్టుకుంది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం నేను ముందు చూసే లెక్క అదే. సున్నా. మరుసటి వారమూ సున్నాయే. కష్టంగా ఉండేది. కానీ నమ్మకం అడిగి తెచ్చుకునేది కాదని తెలుసు.

అయితే ఒక కొత్త అలవాటు మొదలైంది. పొద్దున్న క్లాసుకు వెళ్ళేముందు లహరి స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గర అర నిమిషం ఆగేది. "అమ్మ ఈరోజు బాగుంది చేర్." అంతే, వెళ్ళిపోయేది. బాగాలేని రోజు, "ఈరోజు కొంచెం సుసా," అనేది. సుసా అంటే కష్టంగా ఉందని. ఆ మలయ్ మాట తనకు ఎవరి దగ్గర అబ్బిందో నాకు తెలుసు. నేనే అంటూ ఉంటాను. ఆ రోజుల్లో నేను విరామంలో వాళ్ళమ్మకు ఫోన్ చేసేదాన్ని, ఫలానా కూర ఎలా వండాలని అడుగుతున్నట్టు. ఆవిడకు తెలుసు నేను దేనికి చేశానో. చక్కగా కూర గురించే చెప్పేది.

పరీక్షలు రాసింది. ఫలితాలు తీసుకోవడానికి వచ్చిన రోజు వాళ్ళమ్మ కూడా వచ్చింది, అందరి మధ్యా హాల్లో కుర్చీలో కూర్చుంది. లహరి నా దగ్గరికి వచ్చి పెన్సిల్ డబ్బాలోంచి చీటీ తీసి నా చేతిలో పెట్టింది. నేను మడిచిన మడత అలాగే ఉంది. పిన్ను అలాగే ఉంది.

"ఒక్కసారి కూడా ఓపెన్ చేయలేదు చేర్. కోపమా?"

"లేదు. నన్ను నమ్మలేకపోయావేమో అనుకున్నాను."

"అయ్యో, అలా కాదు," అంది ఆశ్చర్యంగా. "రోజూ మీకు చెప్తూనే ఉన్నాను కదా."

చాలా ఏళ్ళ తర్వాత నేను వాడిన సైటువాళ్ళు కూడా దుకాణం మూస్తున్నామని మెయిల్ పంపారు. చివరిసారిగా లోపలికి వెళ్ళి పదిహేడో నంబరు పిల్ల కొత్త లింకు ఎదురుగా చూశాను. సున్నా. పనిచేస్తుందో లేదో చూడటానికి కూడా నేను దాన్ని ఎప్పుడూ తెరవలేదు. ఇంకెవరూ చూడరని నేను ఇచ్చిన మాట రెండోసారికి నిలబడింది.

చీటీ నా దగ్గరే ఉంది, బీరువాలో పాత రిజిస్టరు మధ్య. వచ్చే ఆదివారం మా మేనకోడలు భోజనానికి వస్తుంది. టిప్ అడిగింది కదా, ఆ చీటీ తీసి చేతిలో పెడతాను. పిన్ను మాత్రం తీయనివ్వను.